జూన్ 12కు ముందు పది రోజులు, తర్వాత పదిహేను రోజులు: ప్రాథమిక బడి టీచరు సన్నాహం

ప్రతి ఏడూ మే నెలాఖరుకు ఫోన్లు మొదలవుతాయి. "సార్, పన్నెండో తారీఖు బడి. ఏం సిద్ధం చేసుకోవాలి?" ఈసారి ఆ ఫోన్లు ఎక్కువయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 16,347 పోస్టుల 2025 మెగా డీఎస్సీలో (టీచర్ల నియామక పరీక్షలో) ఎంపికై ఏడాది మధ్యలో చేరిన కొత్త టీచర్లకు విద్యా సంవత్సరాన్ని మొదటి రోజు నుంచి మొదలుపెట్టడం ఇదే తొలిసారి. వేరొకరు నడుపుతున్న బండి ఎక్కడం ఒక పని, ఎద్దుల్ని కట్టి బయల్దేరడం ఇంకో పని.

నేను కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఎస్‌జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా చేస్తున్నాను. ఒకరిద్దరు టీచర్లు, అయిదు తరగతులు ఉండే బడులు నాకు తెలుసు. ఇక్కడ రాసిందంతా అలాంటి బడికే. హైస్కూలు వాళ్లు తమకు పనికొచ్చేది ఏరుకోవచ్చు.

ముందే ఒక మాట. మనలో చాలామంది సన్నాహం అంటే వార్షిక ప్రణాళిక రాసి, చార్టులు అతికించడం అనుకుంటారు. నా లెక్క వేరు. బడి తెరిచిన మొదటి పదిహేను రోజులు మీ చేతులు, కళ్లు పిల్లల కోసమే ఖాళీగా ఉండాలి. కాగితం పని, గది పని, సామాను పని అన్నీ అంతకు ముందే అయిపోవాలి. కింది వరుస మొత్తం దాని కోసమే.

ఎండల వల్ల ఒక్కోసారి పునఃప్రారంభం తేదీ మారుతుంది. ఉత్తర్వు చూసుకుని, కింది తేదీలను ఆ మేరకు జరుపుకోండి.

## 1. జూన్ 1, 2: పాత సమాచారం రాబట్టండి

పిల్లలు కొత్త తరగతికి వస్తారు గానీ కొత్త పిల్లలై రారు. వాళ్ల గురించి ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది.

నిరుడు ఆ తరగతి చెప్పిన టీచరు బదిలీ అయి వెళ్లినా సరే, ఫోన్ చేసి అరగంట అడగండి. ఒకటో తరగతికి వచ్చేవాళ్ల గురించి అంగన్‌వాడీ టీచరును అడగండి. "పిల్లలు ఎలా ఉన్నారు?" అని అడిగితే "పర్లేదు సార్" అనే జవాబే వస్తుంది. ఇలా అడగండి:

- ఎవరికి చూపు, వినికిడి ఇబ్బంది ఉంది? ఎవరికి మూర్ఛ, ఉబ్బసం?
- ఎవరు ఇంట్లో వేరే భాష మాట్లాడతారు?
- ఎవరు నెలల తరబడి కనిపించకుండా పోయారు? ఎక్కడికి?
- ఎవరు అమ్మమ్మ, నానమ్మల దగ్గర ఉంటున్నారు?
- చదవడం అసలు రానిది ఎవరికి?

జవాబులు రాసుకోండి. "వాడు మొద్దు", "దానికి ఎక్కదు" లాంటి మాటలు మాత్రం రాసుకోవద్దు. ఒక పిల్లవాడి గురించి నాకు అలాగే చెప్పారు. జులై నెలాఖరుకు గానీ తెలియలేదు, వాడికి రెండో బెంచీ నుంచి నల్లబల్ల మీద అక్షరాలు కనిపించడం లేదని. ముందు వరుసలో కూర్చోబెట్టి, కళ్లద్దాలు ఇప్పించాక దసరా లోపే చదవడం పట్టుకున్నాడు.

## 2. జూన్ 3, 4: గది, ఆవరణ

నలభై రోజులు తాళం వేసిన గది. తలుపు తెరిచి నేరుగా లోపలికి నడవకండి. బెంచీల వెనక, పాత పుస్తకాల కట్టల కింద తేళ్లు, పాములు ఉంటాయి. ముందు కర్రతో కదిలించండి. కిటికీ రెక్కల వెనక కందిరీగల గూళ్లు చూడండి. ఒక్కరే వెళ్లొద్దు.

చూడాల్సినవి:

- కప్పు మీద నీటి మరకలు. మరక ఉన్నచోట జూన్ వానకు కురుస్తుంది. పుస్తకాల బీరువా అక్కడుంటే ఇప్పుడే జరపండి.
- స్విచ్ బోర్డులు, వేలాడే తీగలు. చేయి పెట్టొద్దు, ఎలక్ట్రీషియన్‌నే పిలవండి.
- వర్షపు నీరు వాకిట్లో ఎక్కడ నిలుస్తుంది? రెండు తట్టల మట్టితో పోయేదాన్ని రెండు నెలలు తొక్కుతూ తిరగొద్దు.
- మరుగుదొడ్డి తలుపుకు లోపలి గడియ. ఇది లేక ఆడపిల్లలు పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా కూర్చుంటారు. అడిగితే చెప్పరు.
- నల్లబల్లకు రంగు. మెరుపు ఉన్న బల్ల మీద పక్కన కూర్చున్నవాళ్లకు ఏమీ కనిపించదు. పిల్లలు కూర్చునే చోట కూర్చుని మీరే చూడండి.

డబ్బు సంగతి. సమగ్ర శిక్ష కింద స్కూల్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది: 30 మంది వరకు ఏడాదికి 10,000 రూపాయలు, 31 నుంచి 100 వరకు 25,000. అందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకు. అది జూన్‌లో చేతికొస్తుందని నమ్ముకుని కూర్చోవద్దు. సుద్దముక్కలు, చీపుర్లు, ఫినాయిల్, బ్లీచింగ్ పౌడరుకు కావలసినంత నిరుటి మిగులులోంచి పక్కన పెట్టుకోండి. మిగులు లేకపోతే బడి తల్లిదండ్రుల కమిటీ చైర్మన్‌తో ముందే మాట్లాడండి. జేబులోంచి పెట్టి, తర్వాత బిల్లు పెడదాంలే అనుకుంటే ఆ బిల్లు జేబులోనే ఉండిపోతుంది. నా అనుభవం అది.

## 3. జూన్ 5: వంటగది, నీళ్లు

ఇది ఒక పూట పని. నీళ్ల ట్యాంకు ఖాళీ చేసి, తోమి, బ్లీచింగ్ వేసి కడిగించండి. మిగిలిన బియ్యంలో పురుగు చూడండి. వంట చేసే అక్కలతో కూర్చుని మొదటి వారం మెనూ, గ్యాస్ లేదా కట్టెలు, గుడ్ల సరఫరా మాట్లాడుకోండి. పిల్లలకు వడ్డించే ముందు టీచరు తినిచూడాలి, రిజిస్టరులో రాయాలి. సంతకం ముందు పెట్టి తర్వాత తినే అలవాటు మొదటి రోజు నుంచే లేకుండా చూసుకోండి.

## 4. జూన్ 6, 7: రికార్డులు

పేరు, పుట్టిన తేదీ. ఈ రెండు గడుల దగ్గర తొందర వద్దు.

ఒకటో తరగతిలో చేరేటప్పుడు తండ్రి "శ్రీను" అంటాడు. మనం శ్రీను అనే రాస్తాం. ఆధార్‌లో శ్రీనివాసులు ఉంటుంది. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపే వేళకు ఆ కుటుంబం బడికి, మండల కార్యాలయానికి, మీసేవకు తిరుగుతుంది. నేను చేరిన కొత్తలో రాసిన ఒక తప్పు పదేళ్ల తర్వాత నా దగ్గరికే తిరిగొచ్చింది. ఆ పిల్లవాడి తండ్రి కూలి మానుకుని నాలుగుసార్లు రావాల్సి వచ్చింది.

పద్ధతి ఇలా పెట్టుకోండి:

1. ముందు పెన్సిల్‌తో తెల్లకాగితం మీద రాయండి.
2. పైకి చదివి వినిపించండి. ఇంటిపేరు, పూర్తి పేరు, తల్లి పేరు, తేదీ.
3. జనన ధ్రువపత్రం, ఆధార్ ఉంటే సరిపోల్చండి. రెండింటికీ పొంతన లేకపోతే ఏది సరిచేయించుకోవాలో అప్పుడే చెప్పండి.
4. ఆ తర్వాతే అడ్మిషన్ రిజిస్టరులో ఎక్కించండి. తేదీ అంకెల్లో, అక్షరాల్లో రెండు విధాలా రాయండి.

కాగితాలు లేవని పిల్లను వెనక్కి పంపొద్దు. విద్యాహక్కు చట్టం 14వ సెక్షను ప్రకారం వయసు ధ్రువపత్రం లేదని చేర్చుకోకుండా ఉండకూడదు. టీసీ ఆలస్యమైందన్నదీ కారణం కాదు, అది 5వ సెక్షను. ముందు చేర్చుకోండి, కాగితం తర్వాత వస్తుంది.

యూడైస్ ప్లస్‌లో (బడుల, పిల్లల వివరాలు ఎక్కించే ఆన్‌లైన్ పోర్టల్‌లో) నిరుటి పిల్లల తరగతి మార్పు పూర్తయిందా చూడండి. వెళ్లిపోయిన పిల్లలు డ్రాప్‌బాక్స్‌లోకి (బడి వదిలినవాళ్ల జాబితాలోకి) పోయారా, కొత్తగా వచ్చేవాళ్ల పెన్ నంబరు (ఒక్కో పిల్లకు ఇచ్చే శాశ్వత విద్యా సంఖ్య) దొరికిందా చూడండి. పాత బడి వాళ్లు పిల్లను వదలకపోతే మీరు మీ ఖాతాలోకి తెచ్చుకోలేరు. జూన్ మొదట్లో ఫోన్ చేస్తే పది నిమిషాల పని. ఆగస్టులో అయితే అది ఫిర్యాదు.

## 5. జూన్ 8, 9: ఇంటింటికీ

బడి తెరిచే ముందు ఇలా ఇంటింటికీ తిరగడాన్ని తెలంగాణలో బడిబాట అంటారు. పేరున్నా లేకపోయినా చేయాల్సిన పనే. పొద్దున ఆరు నుంచి ఎనిమిది, లేదా సాయంత్రం ఆరు తర్వాత వెళ్లండి. పది గంటలకు వెళ్తే తాళాలు పలకరిస్తాయి.

బడి గొప్పలు చెప్పడానికి వెళ్లొద్దు. నాలుగు సంగతులు తెలుసుకుని రండి:

- పగలు నిజంగా ఎత్తే ఫోన్ నంబరు. రిజిస్టరులో ఉన్న నంబర్లలో చాలావరకు రీఛార్జ్ లేనివే ఉంటాయి.
- సాయంత్రం పిల్ల దగ్గర ఎవరు ఉంటారు?
- ఏ నెలల్లో పనికి ఊరు దాటి వెళ్తారు? పిల్లను తీసుకెళ్తారా, వదిలివెళ్తారా?
- ఇంట్లో ఏ భాష?

ఆఖరిది చిన్న విషయం కాదు. హొళగుంద, హాలహర్వి వైపు ఇళ్లలో కన్నడం వినిపిస్తుంది. నా మొదటి ఏడాది ఒకటో తరగతి పిల్లవాడు పదకొండున్నర నుంచి "ఊట, ఊట" అని నస పెట్టాడు. నీళ్లనుకుని కుండ చూపించాను. తల అడ్డంగా ఊపాడు. బయటి బోరింగు దగ్గరికి తీసుకెళ్లాను. ఏడుపు అందుకున్నాడు. నాలుగో తరగతి అమ్మాయి వచ్చి, "సార్, వాడు అన్నం అడుగుతుండాడు" అంది. కన్నడంలో ఊట అంటే భోజనం.

అప్పటి నుంచి పిల్లల ఇంటి భాషలో పది మాటలు నేర్చుకుని నోటు పుస్తకం అట్ట లోపల రాసుకుంటాను: నీళ్లు, అన్నం, ఒంటేలు, నొప్పి, అమ్మ, రా, కూర్చో, భయం వద్దు, ఇంటికి, రేపు. తండాలో చేస్తుంటే లంబాడీలో, ఏజెన్సీలో అయితే కోయలోనో గోండిలోనో సవరలోనో నేర్చుకోండి. పై తరగతి పిల్లలే మంచి గురువులు. నేర్పమంటే వాళ్లకు ఎంత గర్వమో చూడాలి.

## 6. జూన్ 10 ఉదయం: ఏడాది లెక్క

వార్షిక ప్రణాళిక నమూనాలు ఎక్కడైనా దొరుకుతాయి, నకలు చేసుకోండి. నేను చెప్పేది దానికి ముందు వేయాల్సిన లెక్క.

విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంటుంది. టీచరుకు సన్నాహంతో కలిపి వారానికి 45 గంటల పని. ఇది కాగితం లెక్క. అందులోంచి పరీక్షలు, కాంప్లెక్స్ సమావేశాలు (చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసేవి), శిక్షణలు, సర్వేలు, తుపాను సెలవులు, మీ సెలవులు తీసేయండి. నేను పాఠాలను 160 రోజులకే పంచుతాను. రోజులు మిగిలితే పునశ్చరణకు వాడుకుంటాను. ఇంతవరకు మిగిలింది తక్కువే అనుకోండి.

తర్వాత క్యాలెండరు మీద ఊరి సంవత్సరాన్ని గీయండి. మా వైపు దసరా దాటితే పత్తి తీతలు. సంక్రాంతి తర్వాత మిరప కోతకు కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు వెళ్లిపోతాయి. ఆ ఇళ్ల పిల్లలకు విద్యా సంవత్సరం ఏప్రిల్ దాకా ఉండదు, డిసెంబరుతోనే సరి. కాబట్టి చదవడం, రాయడం, కూడిక, తీసివేత లాంటి మూలమైన పనులన్నీ దసరా లోపు పడేలా పెట్టండి. బరువు పాఠాలన్నీ జనవరికి నెట్టే ప్రణాళిక మా ఊళ్లో ఖాళీ బెంచీలకు పాఠం చెప్పినట్టే. సీజనల్ హాస్టల్ (వలస వెళ్లే ఇళ్ల పిల్లలు ఆ నెలల్లో ఉండే హాస్టల్) అవసరమయ్యే పిల్లల పేర్లు ఇప్పుడే రాసి పెట్టుకోండి. నవంబరులో అడిగితే ఆలస్యం.

మీ ఊళ్లో వరి కావచ్చు, చేపల చెరువులు కావచ్చు, జాతర కావచ్చు. లెక్క మాత్రం ఇదే.

## 7. జూన్ 10 సాయంత్రం: సామగ్రి, తక్కువగా

కొనుక్కొచ్చిన నిగనిగలాడే చార్టులు గోడకు పైన కడితే వాటిని చదివేది తనిఖీకి వచ్చిన అధికారి ఒక్కరే. పిల్లవాడి కంటి ఎత్తు నేల నుంచి మూడున్నర అడుగులు. ఏది అతికించినా అక్కడే అతికించండి.

నిజంగా రోజూ చేతికందాల్సినవి:

- వంద చీపురు పుల్లలు, పదేసి కట్టడానికి రబ్బరు బ్యాండ్లు
- రెండు డబ్బాల చింతపిక్కలు
- పాత శుభలేఖల వెనక రాసిన అక్షరాల, పదాల కార్డులు (అట్ట గట్టిగా ఉంటుంది, ఏడాదంతా ఆగుతుంది, ఊళ్లో అడిగితే సంచెడు ఇస్తారు)
- అంకెల స్థాన విలువ కార్డులు: 100, 200... 10, 20... 1, 2...
- పలకలు, సుద్దముక్కలు, తడి గుడ్డ
- చిరిగినా ఫర్వాలేదు, పది బొమ్మల కథల పుస్తకాలు. బీరువాలో కాదు, తాడుకు వేలాడదీయండి.

పాఠ్యపుస్తకాలు, కిట్లు మండలం స్టాకు పాయింటు నుంచి వచ్చినప్పుడు కట్ట విప్పకుండా సంతకం చేయొద్దు. తరగతి వారీగా లెక్కపెట్టండి. తక్కువైతే అదే రోజు రాసి ఇవ్వండి.

## 8. జూన్ 12: మొదటి రోజు

మామిడాకుల తోరణం కట్టండి, బావుంటుంది. ఉపన్యాసం మాత్రం వద్దు.

ఉదయం: గేటు దగ్గర మీరే నిలబడండి. ప్రతి పిల్లనూ పేరుతో పిలవండి. పేరు తెలియకపోతే అడిగి, వెంటనే ఒకసారి మీరూ పలకండి.

ఒకటో తరగతి: ఏడ్చే పిల్ల తల్లిని అరగంట లోపలే కూర్చోనివ్వండి. "మీరెళ్లిపోండమ్మా, మేం చూసుకుంటాం" అని లాక్కుంటే ఆ ఏడుపు వారం సాగుతుంది. వెళ్లేటప్పుడు తల్లి చెప్పి వెళ్లాలి. కళ్లు గప్పి జారుకుంటే మర్నాడు బడి గేటు చూస్తేనే పిల్ల బిగుసుకుపోతుంది.

మధ్యాహ్నం లోపు: నీళ్లు ఎక్కడ, మరుగుదొడ్డి ఎక్కడ, చెప్పులు ఎక్కడ విడవాలి, చేతులు ఎక్కడ కడగాలి. ఇవన్నీ నడిపించి చూపండి. నాలుగు, అయిదో తరగతి పిల్లలకు ఒక్కొక్కరికి ఒక చిన్న పిల్లను అప్పగించండి.

మధ్యాహ్నం: పాటలు, ఒక కథ, బొమ్మ గీయడం. సెలవుల్లో ఎక్కడికెళ్లారో చెప్పించండి. పుస్తకం తెరవొద్దు.

నియమాలు మూడు చాలు. వాటిని బెత్తం పక్కన పెట్టుకుని చెప్పకండి. కొట్టడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షను కింద నిషేధం, ఆ సంగతి సరే. ఒకరిని కొడితే వెనక వరుసలో చదవడం రాని పిల్ల ఇక ఏడాదంతా "రాదు" అని నోరు తెరిచి చెప్పదు. మనకు మొట్టమొదట కావలసింది ఆ మాటే.

## 9. మూడో రోజు నుంచి ఎనిమిదో రోజు: ఎవరు ఎక్కడున్నారు

మిగతావన్నీ కాస్త అటూఇటూ అయినా సర్దుకోవచ్చు. ఇది తప్పితే ఏడాది తప్పుతుంది.

నా మొదటి జూన్‌లో రెండో రోజే మూడో తరగతి తెలుగు మొదటి పాఠం తీశాను. ఒకడు లేచి గడగడా చదివాడు. మురిసిపోయాను. దగ్గరికెళ్లి చూస్తే పుస్తకం తలకిందులుగా ఉంది. అక్క చదువుతుంటే విని కంఠతా పట్టాడు. ఆగస్టులో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చూస్తే పదిహేడు మందిలో తొమ్మిది మందికి ఒత్తులు రావు. రెండు నెలలు నేను ఎవరికి పాఠం చెప్పినట్టు?

ఒక్కో పిల్లకు ఆరేడు నిమిషాలు పడుతుంది. రోజుకు అయిదారుగురు. పాతిక మంది ఉంటే అయిదు రోజులు. పిల్లను మీ పక్కన, చాప మీద కూర్చోబెట్టుకోండి. మిగతావాళ్లకు బొమ్మలు, పలకలు, కథల పుస్తకాలు ఇచ్చి అయిదో తరగతివాళ్లకు అప్పజెప్పండి. కాస్త గోల ఉంటుంది, ఉండనివ్వండి.

తెలుగు. అయిదు కాగితాలు పాఠ్యపుస్తకంలో లేని మాటలతో సిద్ధం చేసుకోండి.

1. కలగలిపిన పది అక్షరాలు: క, మ, న, స, ప, వ, య, డ, ద, ల
2. గుణింత పదాలు: పిలక, మేక, గూడు, కోతి, నౌక
3. ద్విత్వాలు: అక్క, చెట్టు, పిల్లి, బువ్వ, కన్ను
4. సంయుక్తాలు: పుస్తకం, చంద్రుడు, భక్తి, పద్యం
5. ఒక పేరా: "రంగమ్మ ఉదయమే చేనికి వెళ్లింది. దారిలో వాన మొదలైంది. చింతచెట్టు కింద నిలబడింది. గొడుగు ఇంట్లోనే మరిచిపోయానని నవ్వుకుంది."

పేరా చదివాక అడగండి: చెట్టు కింద ఎందుకు నిలబడింది? ఈ జవాబు పేరాలో నేరుగా లేదు. గడగడా చదివి దీనికి తెల్లమొహం వేసే పిల్లకు అక్షరాలు వచ్చు, చదవడం ఇంకా రాలేదు. ఆ రెండింటినీ విడివిడిగా రాసుకోండి.

పిల్ల ఆగినచోట మీరు అందించకండి. ఆమె వేలు ఏ అక్షరం మీద ఆగిందో చూడండి. ప-వ, మ-య, న-స, డ-ద జంటల దగ్గర తడబాటు ఎక్కువ. కొందరికి అక్షరమంతా వచ్చు గానీ కొమ్ముకూ కొమ్ము దీర్ఘానికీ తేడా తెలియదు. ఒకమ్మాయి "చెట్టు"ను "చెటు" అని చదివి, నా మొహం చూసి, బొమ్మ ఏమైనా ఉందేమోనని కాగితం వెనక్కి తిప్పింది. నిరుడంతా బొమ్మ చూసే చదివిందని అప్పుడు అర్థమైంది.

లెక్కలు.

1. చింతపిక్కల్లోంచి 13 తీసి ఇమ్మనండి.
2. 47, 74, 30, 105 చదివించండి.
3. "అరవై మూడు", "నూట అయిదు" చెప్పి రాయించండి.
4. 34 + 28
5. 52 - 27
6. నోటిలెక్క: ఇరవై రూపాయలిచ్చి పన్నెండు రూపాయల పుస్తకం కొంటే ఎంత తిరిగి రావాలి?

తప్పుల్లోనే సమాచారం ఉంది. నూట అయిదును 1005 అని రాసిన పిల్ల విన్నది విన్నట్టే రాసింది, వందా అయిదూ. ఆమెకు స్థాన విలువ కార్డులు ఇవ్వండి. 100 కార్డు చివరి సున్న మీద 5 కార్డు పెట్టి చూపితే రెండు రోజుల్లో పట్టుకుంటుంది. 52 - 27ను 35 అన్నవాడు ఏడులోంచి రెండు తీశాడు, పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలని అతనికి ఎవరో నేర్పారు. అయిదు పుల్లల కట్టలు, రెండు విడిపుల్లలు చేతికిచ్చి ఏడు ఇమ్మనండి. లేవంటాడు. కట్ట విప్పాలని తనే చెప్పేదాకా ఆగండి.

నోటిలెక్కకు ఎనిమిది అని టక్కున చెప్పి, కాగితం మీద 20 - 12 చేయలేని పిల్లలుంటారు. రోజూ అంగడికి వెళ్లేవాళ్లు వాళ్లు. వాళ్లకు లెక్క రాదనుకోకండి, రాత రాలేదు అంతే.

రాసుకునే తీరు. మార్కులు వద్దు. ఒక్కొక్కరికి రెండు వరుసలు: "గుణింతం వచ్చు, కొమ్ము దీర్ఘం తికమక, ఒత్తు రాదు. 99 వరకు చదువుతాడు, అప్పు తీసివేత రాదు." జులైలో ఏం నేర్పాలో ఈ రెండు వరుసలే చెబుతాయి. బేస్‌లైన్ పరీక్ష (ఏడాది మొదట్లో పిల్లల స్థాయి చూసే పరీక్ష) వివరాలు యాప్‌లో ఎక్కించమన్నప్పుడు కూడా ఇందులోంచే తీసుకోండి. పిల్లల్ని రెండోసారి కూర్చోబెట్టనక్కర్లేదు.

## 10. తొమ్మిదో రోజు నుంచి: గుంపులు, టైంటేబుల్

రోజూ ఉదయం గంటసేపు తెలుగు, ముప్పావుగంట లెక్కలు తరగతులు పక్కనపెట్టి స్థాయిని బట్టి కూర్చోబెట్టండి. తెలంగాణలో తొలిమెట్టు అన్నా, ఆంధ్రలో ఎఫ్‌ఎల్‌ఎన్ (చదవడం, రాయడం, లెక్కల పునాది కార్యక్రమం) అన్నా లోపలి పని ఇదే. మిగతా సమయం తరగతి పాఠాలకు: ఒకటి, రెండు కలిపి ఒక వైపు, మూడు నుంచి అయిదు మరో వైపు.

టీచరు ఒక్కరే అయితే మూడు గుంపులకు మించొద్దు. ఒక గుంపు మీ దగ్గర, ఒకటి రాత పనిలో, ఒకటి కార్డులతోనో పుస్తకాలతోనో ఉండాలి. ఇరవై నిమిషాలకు మారాలి.

గుంపులకు ఒకటి, రెండు, మూడు అని పేర్లు పెట్టకండి. మా బడిలో తుంగభద్ర, హంద్రీ, వేదావతి. ఎవరు ఎక్కడున్నారో పిల్లలకు ఎలాగూ తెలిసిపోతుంది, అయినా "మూడో గుంపోడా" అన్న పిలుపు ఊళ్లోకి పాకదు. పదిహేను రోజులకోసారి మళ్లీ చూసి మార్చండి. అయిదో తరగతి పిల్ల రెండో తరగతి పిల్లలతో కూర్చోవడానికి సిగ్గుపడితే ఆమెకు కార్డులు పంచే పని అప్పగించండి. పంచుతూ చదువుతుంది.

## 11. ఎక్కడ ఇరుక్కుంటారు

"సిలబస్ వెనకబడుతుంది." అందరూ అడిగేది ఇదే. మొదటి పదిహేను రోజుల్లో పోయేది ఒక పాఠం, మహా అయితే రెండు. చదవడం రాని పిల్లకు పది పాఠాలు చెప్పినా ఆమె లెక్కలో చెప్పింది సున్నా. కాంప్లెక్స్ సమావేశంలో అడిగితే ఆ రెండు వరుసల నోటు పుస్తకం చూపండి.

అందరికీ మళ్లీ అ, ఆ నుంచి. కొందరికి రాదని అందరినీ వెనక్కి లాగితే వచ్చినవాళ్లు అల్లరి మొదలుపెడతారు. తడబడే జంట అక్షరాలు మాత్రమే, తడబడేవాళ్లకు మాత్రమే చెప్పండి.

మొదటి వారం హాజరు సగమే. కొందరు ఇంకా అమ్మమ్మ ఊళ్లోనే ఉంటారు, ఏరువాక ముందర పనులూ ఉంటాయి. వచ్చినవాళ్లతో స్థాయి పరీక్ష మొదలుపెట్టండి, రానివాళ్ల ఇంటికి వచ్చినవాళ్లను పంపండి. పక్కింటి పిల్ల వచ్చి "సార్ నీ పేరు పిలిచినాడు" అంటే అది మన ఫోన్ కంటే బాగా పనిచేస్తుంది.

మొదటి తల్లిదండ్రుల సమావేశం ఫిర్యాదుల సభ అవుతుంది. ఫిర్యాదులు మీరు మొదలుపెట్టకపోతే కాదు. ఒక్కో పిల్లకు వచ్చిన పని ఒకటి ముందు చూపించండి. పలక మీద తన పేరు రాసిన కొడుకును చూసిన తండ్రి ఆ తర్వాత మీరేం చెప్పినా వింటాడు.

యాప్‌లు సమయమంతా తినేస్తున్నాయి. హాజరు పొద్దున్నే వేసేయండి. మిగతావి బడి వదిలాక ఒకేసారి. సిగ్నల్ కోసం గదిలోంచి బయటికి వెళ్లి చెట్టు కింద నిలబడే అలవాటు ఒకసారి పడితే పోదు.

## 12. జూన్ 11 సాయంత్రం సరిచూసుకునే పట్టీ

- గది తాళం చెవి ఇద్దరి దగ్గర ఉందా?
- ట్యాంకులో నీళ్లు, మరుగుదొడ్డిలో బకెట్టు, మగ్గు, సబ్బు?
- రేపటి వంటకు సరుకులు వచ్చాయా? అక్కలు ఎన్నింటికి వస్తారు?
- హాజరు పట్టీలో పేర్లు ఎక్కాయా? ఒకటో తరగతికి పెన్సిల్‌తోనేనా?
- పది మాటల జాబితా అట్ట లోపల ఉందా?
- స్థాయి పరీక్ష కాగితాలు, రెండు వరుసల నోటు పుస్తకం?
- పుల్లల కట్టలు, పిక్కల డబ్బాలు చేతికందే చోట ఉన్నాయా?
- ప్రథమ చికిత్స డబ్బా, దగ్గరి ఆరోగ్య కేంద్రం నంబరు, 108?
- రేపు చెప్పబోయే కథ ఒకసారి పైకి చెప్పుకున్నారా?

జులై 1న అవే అయిదు కాగితాలు, అవే ఆరు లెక్కలు మళ్లీ తీయండి. ఈసారి అందరికీ కాదు, "రాదు" అని రాసుకున్న పిల్లలకు మాత్రమే. జూన్‌లో రాసింది చెరపకండి, పక్కనే వేరే రంగు పెన్నుతో రాయండి.